టీడీకే అంటే క్యాసెట్ల కంపెనీయేనా? పవర్ సప్లైలో ఉన్న టీడీకే కూడా అదేనా?

మీరు అడిగింది ఇది: ఇంట్లో నాన్నగారి టీడీకే క్యాసెట్లు అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఈమధ్య పాడైపోయిన ఒక పవర్ సప్లై విప్పితే లోపల ఒక భాగం మీద కూడా టీడీకే అని కనిపించింది. రెండూ ఒకే కంపెనీవా? ఒకటే అయితే, క్యాసెట్లు పోయాక ఫొటో ఫిల్ముల కంపెనీ కొడాక్ లాగా ఇది ఎందుకు మునిగిపోలేదు?

రెండూ ఒకే కంపెనీవి. అయితే టీడీకే క్యాసెట్ల కోసం పుట్టిన కంపెనీ కాదు. 1935 డిసెంబరులో టోక్యోలో అది మొదలైంది ఫెర్రైట్ అనే పదార్థాన్ని (ఐరన్ ఆక్సైడ్‌తో చేసే, అయస్కాంత గుణం ఉన్నది) తయారుచేసి అమ్మడానికి. క్యాసెట్ ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు గానీ రాలేదు. మనకు ఆ పేరు క్యాసెట్ మీదే కనిపించింది కాబట్టి అదే దాని వ్యాపారం అనుకున్నాం. మునిగిపోకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆ కంపెనీ అసలు విద్య ఆక్సైడ్ పొడి. పొడిని కావలసిన గుణం వచ్చేలా తయారుచేయడం, దాన్ని అచ్చులో నొక్కి కాల్చడం, లేదా పలచటి పూతగా పూయడం. క్యాసెట్, పవర్ సప్లైల్లో వాడే కోర్ (కాయిల్ మధ్యలో ఉండే ఫెర్రైట్ ముక్క), చివరికి ఫోన్ బ్యాటరీ కూడా ఈ విద్యలోంచే అర్థమవుతాయి.

నేను పవర్ సప్లైలకు ట్రాన్స్‌ఫార్మర్లు, చోక్‌లు డిజైన్ చేస్తాను. చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్‌లో ఈ పని మొదలుపెట్టాను. ఫెర్రైట్ కోర్లు చూడని రోజు దాదాపు ఉండదు. అందుకే ఈ కథ మీద నాకు ఇష్టం ఎక్కువ, కొంచెం పొడవుగా చెబుతాను.

మొదలు ఎలా జరిగింది

టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో యోగొరో కాతో, తకేషి తకేయి అనే ఇద్దరు ఆచార్యులు ఉండేవారు. ఇద్దరిదీ ఎలక్ట్రోకెమిస్ట్రీ విభాగం. జింకు శుద్ధిలో అడ్డుపడే ఫెర్రైట్ సమ్మేళనాల గురించి తకేయి పరిశోధన చేస్తున్నాడు. 1930లో ఒకరోజు కొలత పరికరం స్విచ్ ఆపడం మరిచిపోయి ఇంటికి వెళ్లాడని, మర్నాడు వచ్చి చూస్తే కోబాల్ట్ ఉన్న నమూనా గట్టి అయస్కాంతంగా మారి ఉందని చెబుతారు. దాన్ని పట్టుకుని వెళ్లగా రెండు రకాల పదార్థాలు తేలాయి. ఒకటి శాశ్వత అయస్కాంతంగా ఉండే గట్టి ఫెర్రైట్. రెండోది కాయిల్‌లో కరెంటు ఉన్నంతసేపే అయస్కాంతంగా ఉండి, కరెంటు తీయగానే ఆ గుణం వదిలేసే మెత్తటి ఫెర్రైట్. మా పని అంతా ఈ రెండో దానితోనే.

కెంజో సైతో అనే ఆయన అప్పటికి శాస్త్రవేత్త కాదు, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడూ కాదు. ఉత్తర జపాన్‌లో అకితా ప్రాంతపు సముద్రతీర ఊరు హిరసవా ఆయనది. చలికాలం వస్తే రైతులు కూలి కోసం ఊళ్లు వదిలి పోయే ప్రాంతం అది. వాళ్లకు ఊళ్లోనే పని చూపించాలని అంగోరా కుందేళ్ల పెంపకం లాంటివి ప్రయత్నించాడు. ఆ తిరుగుళ్లలో కాతో ఆచార్యుడిని కలిశాడు. జపాన్ పరిశ్రమ విదేశీ పరిజ్ఞానం మీద నడిచినంతకాలం అది సొంత పరిశ్రమ కాదన్నది కాతో అభిప్రాయం. ఆ మాట సైతోని పట్టేసింది. అంతవరకూ కొనేవాడు లేని ఫెర్రైట్ పేటెంట్లను వాడుకునే అవకాశం అడిగి తీసుకున్నాడు. కానెబో బట్టల మిల్లుల అధిపతి షింగో త్సుదా పెట్టుబడి సాయం చేశాడు. అలా టోక్యో డెంకి కగకు కోగ్యో అనే కంపెనీ పుట్టింది. టీడీకే అనేది ఆ పేరులోని పొడి అక్షరాలే. 1983లో దాన్నే అధికారిక పేరు చేసుకున్నారు.

ఈ ఘట్టంలో నన్ను బాగా ఆకట్టుకునేది ఒకటుంది. వాళ్ల చేతిలో పదార్థం ఉంది, దాన్ని ఎందులో వాడాలో మార్కెట్‌కి తెలియదు. 1937లో కోర్ల ఉత్పత్తి మొదలైంది. రేడియో పరికరాలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి ‘మీ కాయిల్‌లో ఇది పెట్టి చూడండి’ అని ఒప్పించాల్సి వచ్చింది. యుద్ధకాలంలో వైర్‌లెస్ సెట్ల కోసం లక్షల్లో కోర్లు పోయాయి. 1940లో సైతో తన ఊరు హిరసవాలోనే ఫ్యాక్టరీ పెట్టాడు. అకితాలో ఆ ప్రాంతం, ఇప్పటి నికాహో పట్టణం, ఈనాటికీ టీడీకే ఫ్యాక్టరీలకు ముఖ్యమైన చోటు. కంపెనీ మ్యూజియం కూడా అక్కడే ఉంది. ఊరి రైతులకు పని కావాలన్న కోరిక ఇంత దూరం వచ్చిందంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

ఒక జాగ్రత్త మాట. ‘ఫెర్రైట్ మొత్తం జపానే కనిపెట్టింది’ అని కొన్ని చోట్ల రాస్తారు. అది పూర్తి నిజం కాదు. జర్మనీలో హిల్పెర్ట్ 1909 నాటికే ఇలాంటి పదార్థాల మీద పని చేశాడు. హాలండ్‌లో ఫిలిప్స్ ప్రయోగశాలలో స్నూక్ చేసిన కృషి వల్లే మాంగనీస్-జింక్, నికెల్-జింక్ ఫెర్రైట్ల శాస్త్రం స్థిరపడింది. టీడీకే, తకేయిల ఘనత ఏమిటంటే ఫెర్రైట్‌ను ప్రయోగశాల దాటించి ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారు చేయించడం. దీన్ని 2009లో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. చారిత్రక మైలురాయిగా గుర్తించింది.

ఫెర్రైట్ ఎందుకంత ముఖ్యం

పాత రోజుల బ్యాటరీ ఎలిమినేటర్ గుర్తుందా? గోడకు పెడితే ప్లగ్ కిందికి లాగేసేంత బరువు. అందులో ఉండేది సిలికాన్ స్టీల్ పలచటి రేకులతో చేసిన ట్రాన్స్‌ఫార్మర్. మన కరెంటు సెకనుకు 50 సార్లు మారుతుంది కాబట్టి అక్కడ స్టీల్ బాగానే పనిచేస్తుంది. అదే సెకనుకు లక్ష సార్లు మార్చామనుకోండి, ట్రాన్స్‌ఫార్మర్‌ను వేలెడంత చేయవచ్చు. కానీ ఆ వేగానికి స్టీల్ లోపలే ఎడ్డీ కరెంట్లు సుడులు తిరిగి అది కాలిపోతుంది. ఫెర్రైట్ లోహం కాదు, లోహ ఆక్సైడ్. కరెంటును సరిగా పోనివ్వదు, అయస్కాంత బలాన్ని మాత్రం చక్కగా మోస్తుంది. ఇవాళ జేబులో పట్టే ఫోన్ ఛార్జర్ ఉందంటే అందులో సగం ఘనత ఈ నల్లటి రాయిది.

తయారీ మట్టిపాత్రల పని లాంటిదే. ఐరన్ ఆక్సైడ్‌లో మాంగనీస్, జింక్ లేదా నికెల్ ఆక్సైడ్లు కలుపుతారు. ఒకసారి కాల్చి, మళ్లీ మెత్తగా నూరి, అచ్చులో నొక్కి, 1300 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కాలేటప్పుడు ముక్క బాగా కుంచించుకుపోతుంది. కొలిమిలో ఆక్సిజన్ ఎంత ఉందనేది కాస్త తేడా వచ్చినా గుణం మారిపోతుంది. ఫార్ములా తెలిసినంత మాత్రాన అదే కోర్ రాదు. కొలిమి ముందు ఏళ్ల తరబడి నిలబడి నేర్చుకున్నదే అసలు పెట్టుబడి.

యుద్ధం తర్వాత రేడియోలు, ఆ వెంటనే టీవీలు వచ్చాయి. రేడియోలో ఏరియల్‌గా పనిచేసే నల్లటి రాడ్, ఐఎఫ్‌టీ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కోర్, టీవీ పిక్చర్ ట్యూబ్ మెడ చుట్టూ ఉండే కాయిల్ (యోక్), ఆ ట్యూబ్‌కు అధిక వోల్టేజీ ఇచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్, అన్నిట్లోనూ ఫెర్రైటే. 1951లో టీడీకే సిరామిక్ కెపాసిటర్లు మొదలుపెట్టింది. అక్కడ పొడి వేరు, బేరియం టైటనేట్. పని పద్ధతి అదే.

ఇక క్యాసెట్ సంగతి

1950ల మొదట్లోనే టీడీకే మాగ్నెటిక్ టేపు తయారీలోకి వచ్చింది. టేపు అంటే ఏమిటి? సూది ఆకారంలో ఉండే అతి సన్నటి ఐరన్ ఆక్సైడ్ రేణువులను జిగురులో కలిపి ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పూయడం. ఐరన్ ఆక్సైడ్ పొడి సంగతి అప్పటికే వీళ్లకు క్షుణ్ణంగా తెలుసు. ఫిలిప్స్ 1963లో కాంపాక్ట్ క్యాసెట్ తెచ్చింది. 1966లో టీడీకే జపాన్‌లో మొదటి క్యాసెట్ చేసింది. అప్పట్లో క్యాసెట్ మాటలు రికార్డు చేసుకోవడానికే, సంగీతానికి పనికిరాదని అందరి నమ్మకం. 1968లో వచ్చిన ఎస్‌డీ అనే రకం ఆ నమ్మకాన్ని మార్చింది.

తర్వాతి అడుగు ఇంకా గొప్పది. అమెరికాలో డ్యుపాంట్ వాళ్లు క్రోమియం డయాక్సైడ్ టేపు తెచ్చారు. దాని లైసెన్సు మీద ఆధారపడకుండా, ఐరన్ ఆక్సైడ్ రేణువు పైన కోబాల్ట్‌ను పట్టించి అదే స్థాయి గుణాన్ని టీడీకే రాబట్టింది. ఆ పదార్థం పేరు ఎవిలిన్. 1975లో వచ్చిన ఎస్‌ఏ క్యాసెట్ దానితో చేసిందే. నలభై అయిదేళ్ల క్రితం తకేయి చేతిలో అయస్కాంతమైన నమూనాలో ఉన్నదీ కోబాల్టే, ఐరన్ ఆక్సైడే.

మన దగ్గరికి ఇవి ఎక్కువగా గల్ఫ్ నుంచి వచ్చాయి. కోనసీమ, కడప, కరీంనగర్ వైపు నుంచి దుబాయి, కువైట్ వెళ్లినవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు జపాన్ టూ-ఇన్-వన్‌తో పాటు టీడీకే, సోనీ, మాక్సెల్ ఖాళీ క్యాసెట్లు తెచ్చేవారు. హరికథలు, పెళ్లి సందడి, ఇంట్లో పిల్లల మాటలు, విదేశంలో ఉన్నవాళ్లకు పంపే కబుర్లు వాటిలోనే ఉండేవి. మీ నాన్నగారి పెట్టెలోనూ పాటలతో పాటు అలాంటివి ఉండొచ్చు. ఏవీ పారేయకండి. డిజిటల్‌గా మార్చాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి:

- ప్లే చేసే ముందు ఒకసారి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేయండి. ఏళ్లుగా కదలని టేపు చుట్లు వదులవుతాయి.
- టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రెండు మూడు క్యాసెట్లకు ఒకసారి మళ్లీ తుడవాలి.
- డీ, ఏడీ రకాలకు డెక్ మీద నార్మల్, ఎస్‌ఏకు క్రోమ్ స్థానం పెట్టండి. తప్పు పెడితే గొంతులు మందంగానో, కీచుగానో వినబడతాయి.
- టేపు వెనక ఉండే చిన్న స్పాంజి ప్యాడ్ ఊడిపోయి ఉంటే శబ్దం లోతుగా, మూసుకుపోయినట్టు వస్తుంది. స్క్రూలున్న ఇంకో క్యాసెట్ డబ్బాలోకి చుట్లు మార్చితే సరిపోతుంది.

టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం ప్లే చేయకుండా, అలాంటి టేపులు శుభ్రం చేసే వాళ్లకు ఇవ్వండి. బూజు హెడ్‌కు, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది.

కొడాక్ లాగా ఎందుకు కాలేదు

టేపు వ్యాపారం పెద్దదైన రోజుల్లో కూడా టీడీకే భాగాల వ్యాపారాన్ని వదల్లేదు. ఇది మొదటి కారణం. జనానికి కనిపించింది క్యాసెట్. లండన్ పికాడిలీ సర్కస్‌లో 1990 నుంచి పాతికేళ్లు వెలిగిన బోర్డు మీద, ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో పరుగు వీరుల గుండెల మీది నంబర్ల పైన ఉన్న పేరు అందుకోసమే. లోపల మాత్రం కోర్లు, కెపాసిటర్లు, ఇండక్టర్లు ఆగకుండా తయారవుతూనే ఉన్నాయి.

రెండోది హెడ్లు. టేపు మీద ఉన్నది చదవాలంటే హెడ్ కావాలి, దానికీ ఫెర్రైటే వాడేవారు. కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోనూ అలాంటి హెడ్ ఉంటుంది. 1986లో హాంకాంగ్‌కు చెందిన ఎస్‌ఏఈ మాగ్నెటిక్స్‌ను, 2000లో అమెరికా కంపెనీ హెడ్‌వేను కొని, హార్డ్ డిస్క్ హెడ్లలో టీడీకే నిలదొక్కుకుంది. డిస్క్ కంపెనీలు కొన్ని తమ హెడ్లు తామే చేసుకుంటాయి. బయటివారికి అమ్మే స్వతంత్ర తయారీదారుగా చివరికి మిగిలింది ఇదే.

మూడోది, సమయానికి వదిలేయడం. సీడీలు, డీవీడీలు కూడా చేశారు. బ్లూ-రే డిస్క్ మొదట్లో గీతలు పడతాయన్న భయంతో డబ్బాలో పెట్టి అమ్మాల్సి వచ్చేది. టీడీకే తెచ్చిన గట్టి పూత ఆ ఇబ్బంది తీరడానికి దారి చూపింది. అంత నైపుణ్యం ఉండి కూడా 2007లో రికార్డింగ్ మీడియా వ్యాపారాన్ని, దానికి ఆ బ్రాండ్ వాడుకునే హక్కును ఇమేషన్ అనే అమెరికా కంపెనీకి ఇచ్చేసింది. మరుసటి ఏడాదే ఎలక్ట్రానిక్ భాగాలు చేసే జర్మనీ కంపెనీ ఎప్‌కోస్‌ను కొనడం మొదలుపెట్టింది. ఎప్‌కోస్ సీమెన్స్, మత్సుషిత ఉమ్మడి సంస్థ నుంచి వచ్చింది. అంతకుముందే 2005లో పవర్ సప్లైలు చేసే లాంబ్డాను తీసుకుంది. జనం చూసే వస్తువును వదిలి, జనానికి కనబడని భాగాల వైపు మళ్లీ పూర్తిగా తిరిగింది. ఇదంతా సాఫీగా జరిగిందనుకోకండి. 2002, 2009 మార్చి నెలలతో ముగిసిన ఆర్థిక సంవత్సరాల్లో నష్టాలు చవిచూసింది.

నాలుగోది బ్యాటరీ. చాలామందికి తెలియనిది ఇదే. హాంకాంగ్ ఎస్‌ఏఈకి చైనాలోని డాంగ్‌వాన్‌లో ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పనిచేసిన ఇంజినీరు జెంగ్ యూచున్ మరికొందరితో కలిసి 1999లో ఏటీఎల్ అనే లిథియం బ్యాటరీ కంపెనీ పెట్టాడు. 2005లో ఆ ఏటీఎల్‌ను టీడీకే కొనేసింది. అయస్కాంతాల కంపెనీకి బ్యాటరీ ఎందుకు అని అప్పట్లో ఎవరికైనా అనిపిస్తుంది. బ్యాటరీ విప్పి చూస్తే తెలుస్తుంది: ఆక్సైడ్ పొడిని జిగురుతో కలిపి రేకు మీద సమానంగా పూసి చుట్టడమే ఎలక్ట్రోడ్ తయారీ. టేపులో ప్లాస్టిక్ ఫిల్మ్, ఇక్కడ అల్యూమినియం రేకు. ఆ పూత పని టీడీకేకి దశాబ్దాల అలవాటు. ఇప్పుడు ఫోన్లకు వాడే బ్యాటరీల్లో ఏటీఎల్ ప్రపంచంలోనే ముందువరసలో ఉంది. టీడీకే అమ్మకాల్లో సగానికి పైగా బ్యాటరీలున్న విభాగం నుంచే వస్తోంది. కార్ల బ్యాటరీల పని 2011లో సీఏటీఎల్ అనే వేరే కంపెనీగా విడిపోయింది. అది తర్వాత ఎంత పెద్దదైందో మీకు తెలిసే ఉంటుంది.

కాబట్టి ఇదంతా దూరదృష్టితో గీసుకున్న పథకం అని నేను అనను. బ్యాటరీ ఆలోచన వాళ్ల సొంత ప్రయోగశాలలో పుట్టలేదు, తమ అనుబంధ సంస్థ వదిలి బయటికి వెళ్లినవాళ్ల దగ్గర పుట్టింది. దాన్ని కొనేటప్పుడు అది తమ విద్యకు దగ్గరిదని గుర్తుపట్టారు, ఘనత అక్కడ ఉంది. 2017లో ఇన్వెన్‌సెన్స్ అనే సెన్సర్ల కంపెనీని కొన్నారు. అది పొడి విద్యకు చాలా దూరం, నాకు అంత సహజంగా అనిపించదు.

మన దేశంలో

ఎప్‌కోస్ ద్వారా నాసిక్‌లోను, పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలోను ఉన్న ఫ్యాక్టరీలు టీడీకే కిందికి వచ్చాయి. కల్యాణిది ఫెర్రైట్ ప్లాంటు. మేము వాడే కోర్లలో అక్కడివీ ఉంటాయి. ఫోన్ బ్యాటరీ సెల్స్ కోసం హర్యానాలో టీడీకే ప్లాంటు పెడుతోందని 2023 చివర్లో కేంద్ర సహాయ మంత్రి ప్రకటించారు.

మీ బోర్డు గురించి

పవర్ సప్లైలు బాగుచేయడం నేర్చుకుంటున్నట్టున్నారు, అందుకని ఒక అనుభవం చెబుతాను. పీసీ40 అనేది టీడీకే పవర్ ఫెర్రైట్ గ్రేడ్. దాని పేరు ఎంత స్థిరపడిందంటే ఇతర కంపెనీలు కూడా తమ కోర్లను ‘పీసీ40కి సమానం’ అని అమ్ముతాయి. ఒక సరఫరాదారు దగ్గర అలా కొన్న కోర్లతో చేసిన ఇన్వర్టర్ బోర్డులు చలికాలంలో బాగానే నడిచి, ఎండాకాలంలో మోస్‌ఫెట్లు (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) పేలిపోవడం మొదలైంది. కాయిల్ గుణాన్ని (ఇండక్టెన్స్) కొలిచే ఎల్‌సీఆర్ మీటర్‌లో అది సరిగ్గానే కనిపించేది. ఎందుకంటే ఆ మీటర్ గది ఉష్ణోగ్రతలో, చిన్న సిగ్నల్‌తో కొలుస్తుంది.

ఫెర్రైట్ అసలు బండారం వేడిలో బయటపడుతుంది. నిఖార్సయిన పీసీ40 కూడా 25 డిగ్రీల దగ్గర 510 మిల్లీటెస్లా (అయస్కాంత సాంద్రత కొలమానం) వరకు మోస్తే, 100 డిగ్రీల దగ్గర 390కి దిగిపోతుంది. నాసిరకం ఇంకా కిందికి పోతుంది. కోర్ ఇక అంతకు మించి మోయలేని స్థితికి చేరిన (సాచురేట్ అయిన) క్షణంలో కాయిల్ ఉత్త తీగ అయిపోతుంది, ఆ కరెంటంతా మోస్‌ఫెట్ మీద పడుతుంది. ఇంకో సంగతి, మంచి పవర్ ఫెర్రైట్‌లో నష్టాలు 90-100 డిగ్రీల దగ్గరే అతి తక్కువగా ఉండేలా తయారుచేస్తారు. కాబట్టి కోర్ ముట్టుకుంటే వేడిగా ఉందని కంగారు పడనక్కర్లేదు. కోర్‌ను అవన్‌లో వేడిచేసి, ఆసిలోస్కోప్‌లో కరెంటు తరంగం చూడండి. గీత నిటారుగా ఎగబాకడం కనిపిస్తే అది పనికిరాదు.

కోర్ మార్చేటప్పుడు రెండు సగాలు కలిసే ముఖాలు అద్దంలా శుభ్రంగా ఉండాలి. దుమ్ము రేణువు ఉన్నా ఇండక్టెన్స్ పడిపోతుంది. మధ్య కాలు కాస్త పొట్టిగా ఉంటే విరిగిందనుకోకండి, అది కావాలని వదిలిన గ్యాప్. గ్యాప్ ఉన్న కోర్ స్థానంలో గ్యాప్ లేనిది పెడితే బోర్డు ఆన్ చేసిన వెంటనే పోతుంది.

మీ బోర్డు మీది భాగం ఏమిటో మీరు రాయలేదు. ఇనుప డబ్బాలో ఉన్న పూర్తి పవర్ సప్లై అయితే టీడీకే-లాంబ్డా అని ఉంటుంది. పెట్టె ఆకారపు ప్లాస్టిక్ కెపాసిటర్ అయితే టీడీకేతో పాటు ఎప్‌కోస్ పేరు కూడా ఉండొచ్చు. నల్లటి కోర్ అయితే పక్కన గ్రేడ్, సైజు అంకెలు ఉంటాయి. ఆ అంకెలు కనిపించేలా ఫొటో తీసి పెట్టండి, బోర్డు ఎలా పోయిందో కూడా రాయండి. ఏది మార్చాలో చూసి చెబుతాను.